పోయిన రచయిత పుస్తకంలో మాట మార్చే హక్కు ఎవరిది? రోల్డ్ డాల్ వివాదంలోని చిక్కుముడులు

ఇంగ్లిషులో పిల్లల కోసం రాసినవారిలో రోల్డ్ డాల్‌ది ముందు వరస. ఆయన పుస్తకాలు ప్రపంచవ్యాప్తంగా 30 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడయ్యాయి. 1990లో ఆయన పోయారు గానీ, ఆయన పేరు మీద నడుస్తున్న తగవు మాత్రం చల్లారలేదు. ఆయన పుస్తకాల్లో వందలాది మాటలను ప్రచురణ సంస్థ మార్చిందన్న వార్త 2023 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది. ఆయనలోని యూదు ద్వేషాన్నే ఇతివృత్తంగా తీసుకున్న ‘జెయింట్’ అనే నాటకం 2024లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో మొదలై, మరుసటి ఏడాది బ్రిటన్ నాటకరంగంలో పేరున్న ఒలివియర్ అవార్డులు గెలుచుకోవడంతో పాత చర్చ మళ్లీ రాజుకుంది.

2022–23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిషు మీడియం ప్రవేశించాక, నల్లగొండలోనైనా నాగర్‌కర్నూల్‌లోనైనా పిల్లలకు పాఠ్యపుస్తకం బయట చదవడానికి తేలికైన ఇంగ్లిషు కథలు కావాలన్న అవసరం ఏర్పడింది. అలా వెతికేవారికి డాల్ పేరు తప్పక తగులుతుంది. ‘ఆయన పుస్తకాలను నిషేధించారట కదా’, ‘ఆయన జాతి ద్వేషి అట కదా’ అన్న మాటలు కూడా ఆ పేరు వెంటే వస్తాయి. 2023 వ్యవహారం వరకు మొదటిది నిజం కాదు. రెండోదానిలో నిజం ఉంది, కానీ దానికీ 2023 నాటి మార్పులకూ ఉన్న సంబంధం చాలామంది అనుకునేంత దగ్గరిది కాదు. రచయిత నడవడి ఒక విషయం, కథలో ఉన్నది ఇంకొక విషయం, అచ్చయిన మాటను మార్చే అధికారం వేరొక విషయం. ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టి మాట్లాడడం వల్లే ఈ వివాదం ఇంత గజిబిజిగా కనిపిస్తోందని నా అభిప్రాయం.

దెబ్బలు తిన్న బాల్యం, దెబ్బ మీద దెబ్బ తిన్న సంసారం

డాల్ 1916 సెప్టెంబరు 13న వేల్స్‌లోని కార్డిఫ్ నగరానికి చెందిన లాండాఫ్‌లో పుట్టారు. తల్లిదండ్రులు నార్వే నుంచి వచ్చి స్థిరపడినవారు. దక్షిణ ధ్రువాన్ని మొదట చేరిన నార్వే యాత్రికుడు రోల్డ్ అముండ్సెన్ పేరునే కొడుకుకు పెట్టుకున్నారు. పిల్లవాడికి మూడేళ్లు నిండిన కొద్ది నెలలకే, 1920లో, ఏడేళ్ల అక్క అపెండిసైటిస్‌తో చనిపోయింది. ఆ దుఃఖం ఆరకముందే, కొన్ని వారాల వ్యవధిలో, తండ్రి న్యుమోనియాతో పోయారు. తర్వాత హాస్టల్ బడుల చదువు. ఆ కాలపు ఇంగ్లండు బడుల్లో బెత్తం దెబ్బలు మామూలు. రెప్టన్ బడిలో చదువుతున్నప్పుడు, క్యాడ్‌బరీ కంపెనీ తన కొత్త చాక్లెట్లను రుచి చూసి అభిప్రాయం చెప్పమని విద్యార్థులకు పెట్టెల్లో పంపేది. తర్వాతి కాలంలో ఆయనకు అంత పేరు తెచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ కథకు బీజం అక్కడే పడింది.

చదువయ్యాక షెల్ కంపెనీలో చేరి, ఉద్యోగం మీద తూర్పు ఆఫ్రికా వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధం రాగానే బ్రిటన్ వైమానిక దళంలో పైలట్ అయ్యారు. 1940 సెప్టెంబరులో ఆయన విమానం ఈజిప్టు ఎడారిలో కూలి, పుర్రె చిట్లి, కొంతకాలం చూపు పోయింది. కోలుకుని గ్రీసులో మళ్లీ యుద్ధంలోకి దిగారు. 1942లో వాషింగ్టన్‌లో బ్రిటన్ రాయబార కార్యాలయానికి బదిలీ అయిన తర్వాతే రచన మొదలైంది.

ఆయన సంసార జీవితం చదివితే మనసు కలుక్కుమంటుంది. 1960లో న్యూయార్క్‌లో నెలల పసివాడైన కొడుకు థియో పడుకున్న బండిని టాక్సీ ఢీకొట్టింది. పసివాడి తలలో నీరు చేరడం మొదలైంది. దాన్ని బయటికి తీసే వాల్వు మాటిమాటికీ పూడుకుపోతుంటే, డాల్ ఒక నరాల శస్త్రవైద్యుడితోనూ ఒక ఇంజనీరుతోనూ కలిసి మెరుగైన వాల్వును తయారు చేయించారు. అది ఎందరో ఇతర పిల్లలకు కూడా పనికివచ్చింది. 1962 నవంబరులో పెద్ద కూతురు ఒలీవియా తట్టు సోకి, అది మెదడుకు పాకి, ఏడేళ్ల వయసులో చనిపోయింది. 1965లో భార్య, సినీనటి ప్యాట్రీషియా నీల్‌కు పక్షవాతం వచ్చింది. కూతురు పోయిన దాదాపు పాతికేళ్లకు, 1986లో, పిల్లలకు తట్టు టీకా వేయించమని తల్లిదండ్రులను వేడుకుంటూ డాల్ రాసిన లేఖను ఆరోగ్య సంస్థలు నేటికీ ఉదహరిస్తున్నాయి.

ఇన్ని కష్టాలు పడ్డాడు కాబట్టి ఆయన మాటల్లోని తప్పును మన్నించాలని చెప్పడానికి కాదు ఇదంతా. ఆయన కథల్లో తండ్రి లేని పిల్లలూ, క్రూరులైన పెద్దలూ, బెత్తం పట్టిన హెడ్‌మాస్టర్లూ ఎక్కడి నుంచి వచ్చారో దీనివల్ల తెలుస్తుంది. అయితే ఆయన చెప్పుకున్న బాల్యాన్ని కూడా యథాతథంగా తీసుకోవడానికి వీల్లేదు. 1984లో రాసిన ‘బాయ్’ అనే జ్ఞాపకాల పుస్తకంలో, ఒక పిల్లవాణ్ని ఘోరంగా కొట్టిన హెడ్‌మాస్టరు తర్వాత ఇంగ్లండు చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యారని ఆయన రాశారు. ఆ దెబ్బలు పడిన నాటికి ఆ హెడ్‌మాస్టరు బడి వదిలి వెళ్లిపోయారని జీవితచరిత్రకారులు తేల్చారు.

ఊంపా లూంపాలు: పాలమూరు నుంచి చదివితే

‘చార్లీ అండ్ ద చాక్లెట్ ఫ్యాక్టరీ’ 1964లో అమెరికాలో వెలువడింది. కథ తెలిసిందే: పేద పిల్లవాడు చార్లీకి విల్లీ వొంకా అనే వింత వ్యాపారి ఫ్యాక్టరీని చూసే అవకాశం దొరుకుతుంది. ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవారే ఊంపా లూంపాలు.

మొదటి ముద్రణలో వీరు ఆఫ్రికా అడవుల లోతట్టు నుంచి వచ్చిన నల్లని పొట్టి మనుషులు. తన రహస్యాలను పోటీ కంపెనీల గూఢచారులు దొంగిలిస్తున్నారన్న కోపంతో వొంకా స్థానిక కార్మికులందరినీ పనిలోంచి తీసేస్తాడు. ఆ తర్వాత ఊంపా లూంపాల జాతినంతటినీ, ఆడ, మగ, పిల్లలతో సహా, రంధ్రాలు పెట్టిన పెట్టెల్లో దాచి ఓడ మీద తెప్పించుకుంటాడు. వారి కూలీ కోకో గింజలు. గేటు దాటి ఎవరూ బయటికి రారు. కొత్తగా కనిపెట్టిన మిఠాయిలను ముందు వారి మీదే ప్రయోగిస్తాడు. ఒక పానీయం తాగిన ముసలి ఊంపా లూంపా గాలిలోకి లేచి, పైకి పైకి పోయి, మళ్లీ కనిపించడు. ఇదంతా కథలో తమాషాగానే సాగుతుంది.

ఈ కథ సినిమాగా మారుతున్న సమయంలో అమెరికాలోని నల్లజాతీయుల హక్కుల సంఘం దీనిలో బానిసత్వపు ఛాయలున్నాయని అభ్యంతరం తెలిపింది. 1971లో వచ్చిన సినిమాలో వారికి నారింజ రంగు చర్మం, ఆకుపచ్చ జుట్టు పెట్టారు. తనకు అలాంటి ఉద్దేశం లేదని డాల్ అన్నారు. అయినా 1973 ముద్రణకు తన చేత్తోనే పాఠాన్ని మార్చారు. ఊంపా లూంపాలు తెల్లని మేనిఛాయతో, బంగారు గోధుమరంగు జుట్టుతో, లూంపాలాండ్ అనే ఊహాదేశపు వాసులయ్యారు.

ఇక్కడ పాలమూరు పాఠకుడు ఒక్క క్షణం ఆగక తప్పదు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, పిల్లాపాపలతో ఊరు వదిలి, భాష తెలియని చోట్ల ఆనకట్టలకూ కాల్వలకూ రోడ్లకూ మట్టి మోసిన ‘పాలమూరు లేబర్’ చరిత్ర ఈ నేలది. ఆ చరిత్ర తెలిసినవారు 1964 పాఠాన్నీ 1973 పాఠాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే, మారింది వారి రూపురంగులూ దేశం పేరూ మాత్రమేనని వెంటనే పట్టుకుంటారు. పెట్టెల్లో రవాణా అలాగే ఉంది. కోకో గింజల కూలీ అలాగే ఉంది. ప్రయోగాలూ అలాగే ఉన్నాయి. ఒక జాతిని అవమానించాడన్న అభ్యంతరానికి జవాబు దొరికింది గానీ, శ్రమకు సంబంధించిన ప్రశ్న ఎక్కడిదక్కడే మిగిలింది. 2023 మార్పుల్లో ‘చిన్న మగవాళ్లు’ అన్నది ‘చిన్న మనుషులు’ అయింది. దానివల్ల కూడా ఆ ప్రశ్న కదల్లేదు.

దీనికి ఎదురువాదం ఉంది, అది తేలికగా తీసిపారేయదగినది కాదు. ఊంపా లూంపాలు తమ దేశంలో క్రూరమృగాల భయంతో చెట్ల మీద బతుకుతూ, ఆకుపచ్చ గొంగళిపురుగులు తింటూ కాలం గడిపినవారనీ, వొంకా వారికి ఆశ్రయమిచ్చాడనీ కథే చెబుతుంది. పైగా కథలో తీర్పు చెప్పే అధికారం ఉన్నది వారికే: తిండిపోతు పిల్లవాడు, గారాబంతో చెడిన పిల్ల, టీవీకి అతుక్కుపోయిన పిల్లవాడు ఒక్కొక్కరే ఫ్యాక్టరీలో చిక్కుకుపోయినప్పుడల్లా, వారి తప్పునూ వారి తల్లిదండ్రుల తప్పునూ పాట కట్టి ఎండగట్టేది ఊంపా లూంపాలే. యజమాని దయతో ఆశ్రయం పొందామన్న మాట వెట్టి ఉన్న ప్రతిచోటా వినిపించేదేనని విమర్శకులు దీనికి బదులిస్తారు. నాకు విమర్శకుల మాటే ఎక్కువ సబబుగా తోస్తుంది. అయినా ఆ పాటల బలాన్ని కాదనలేను.

మనదేశం ప్రస్తావన కూడా ఈ పుస్తకంలో ఉంది. పాండిచ్చేరి యువరాజు తనకు చాక్లెట్‌తో కోట కట్టించమని వొంకాను అడుగుతాడు. కరిగేలోపే తినెయ్యమని వొంకా చెప్పినా వినడు. ఎండకు కోట కరిగి, నిద్రలేచేసరికి చాక్లెట్ మడుగులో ఈదుతుంటాడు. మే నెలలో మహబూబ్‌నగర్ ఎండ తెలిసిన పిల్లలు దీనికి కడుపుబ్బ నవ్వుకుంటారు. తూర్పు దేశాల రాజు అంటే మూర్ఖుడు అన్న వలస పాలన కాలపు అలవాటు కూడా ఆ నవ్వు వెనుక ఉందని పెద్దలకు తోచవచ్చు.

2023లో మారినవేమిటి?

డాల్ పుస్తకాల హక్కులు ఆయన కుటుంబం నడిపిన రోల్డ్ డాల్ స్టోరీ కంపెనీవి. బ్రిటన్‌లో ప్రచురణకర్త పఫిన్, అంటే పెంగ్విన్ సంస్థలోని పిల్లల పుస్తకాల విభాగం. ఈ రెండు సంస్థలూ 2020లో పుస్తకాల భాషను సమీక్షించడం మొదలుపెట్టాయి. 2021 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్ ఆ కంపెనీని కొనేసింది. కాబట్టి మార్పులన్నీ నెట్‌ఫ్లిక్స్ ఒత్తిడితోనే జరిగాయన్న ప్రచారం కాలక్రమానికి సరిపోదు.

మార్పులన్నీ ఒకే రకానివి కావు. ‘చార్లీ’లో అగస్టస్ గ్లూప్ అనే పిల్లవాణ్ని వర్ణించే చోట లావు అని నేరుగా చెప్పే ‘ఫ్యాట్’ పోయి, భారీ అన్న అర్థమిచ్చే ‘ఎనార్మస్’ ఒక్కటే మిగిలింది. ఇది తిట్టు పదును తగ్గించడం. ‘ద విచెస్’లో మామూలు ఆడవాళ్లలా మెలిగే మంత్రగత్తె సూపర్‌మార్కెట్‌లో క్యాషియరుగానో, ఒక వ్యాపారికి ఉత్తరాలు టైపు చేస్తూనో ఉండవచ్చని అసలు పాఠం, మారిన పాఠంలో ఆమె గొప్ప శాస్త్రవేత్తగానో, వ్యాపారం నడుపుతూనో ఉండవచ్చు. ఇది కాలంతోపాటు సమాజం మారిందని గుర్తించడం. అదే పుస్తకంలో మంత్రగత్తెలు బట్టతలను విగ్గుతో దాచుకుంటారన్న చోట, విగ్గు పెట్టుకోవడానికి ఇంకా ఎన్నో కారణాలుంటాయనీ, అందులో తప్పేమీ లేదనీ ఒక వాక్యం కొత్తగా చేర్చారు. ఇది మాట తీయడమో మార్చడమో కాదు. రచయిత రాయని వాక్యాన్ని ఆయన పేరు మీద అచ్చువేయడం. నా దృష్టిలో అన్నింటికన్నా పెద్ద అడుగు ఇదే.

మన పిల్లలకు నేరుగా తగిలేది ‘మటిల్డా’లోని మార్పు. పుస్తకాల పిచ్చి ఉన్న మటిల్డా చదువుతూ చదువుతూ జోసెఫ్ కాన్రాడ్‌తో ఓడలెక్కి, హెమింగ్వేతో ఆఫ్రికా వెళ్లి, రడ్యార్డ్ కిప్లింగ్‌తో భారతదేశం తిరిగిందని డాల్ రాశారు. కొత్త పాఠంలో కాన్రాడ్ స్థానంలో జేన్ ఆస్టెన్ వచ్చారు. కిప్లింగ్ తోటి భారతదేశం పోయి, స్టైన్‌బెక్ తోటి కాలిఫోర్నియా వచ్చింది. కిప్లింగ్ బ్రిటిష్ సామ్రాజ్యాన్ని కీర్తించినవాడన్నది నిజమే. ఆ పేరు తీసేయడాన్ని మన మీద గౌరవంగా చూడవచ్చు. కానీ ఫలితం చూడండి: నల్లగొండలో మటిల్డాను చదివే పిల్లకు తన దేశం పేరు ఆ వాక్యంలో ఇక కనిపించదు. మనల్ని నొప్పించకూడదన్న ఉద్దేశంతో మనల్నే పేజీలోంచి తప్పించినట్టయింది.

రూపాన్ని బట్టి మంచిచెడులు: ఫ్లోరైడ్ నేల మీద ఒక పఠనం

డాల్ కథల్లో లావు తిండిపోతుతనానికీ, వికారం దుష్టత్వానికీ గుర్తుగా తరచూ వస్తాయి. 2023 మార్పుల్లో ఎక్కువ భాగం ఇలాంటి మాటల మీదే. ‘ద ట్విట్స్’లో మిసెస్ ట్విట్‌ను వికారి అన్న ఒక చోట ఆ మాటను తీసేశారు.

భూగర్భజలంలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగి, పళ్లు గారపట్టిన మనుషుల మధ్య పెరిగిన మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల పిల్లలకు ఇది కాగితం మీది చర్చ కాదు. వంకర కాళ్లను చూపించి నవ్వడం ఎంత గాయపరుస్తుందో అక్కడ ఒకరు చెప్పవలసిన పని లేదు. 2020లో ‘ద విచెస్’ సినిమాలో మంత్రగత్తెల చేతులకు వేళ్లు తక్కువగా చూపినప్పుడు, పుట్టుకతో వేళ్లు సరిగా లేనివారు అభ్యంతరం చెప్పగా నిర్మాణ సంస్థ క్షమాపణ కోరింది. ఆ అభ్యంతరం ఇక్కడివారికి సులువుగా అర్థమవుతుంది.

అయితే అదే ‘ద ట్విట్స్’లో ఇంకో మాట కూడా ఉంది: ముక్కు వంకరగా ఉన్నా, నోరు సొట్టబోయినా, పళ్లు బయటికి పొడుచుకొచ్చినా, ఆలోచనలు మంచివైతే ఆ మనిషి ఎప్పుడూ అందంగానే కనిపిస్తాడని డాల్ స్పష్టంగా రాశారు. వికారం పుట్టుకతో వచ్చేది కాదు, చెడ్డ తలపుల వల్ల వచ్చేది అన్నది అక్కడి వాదన. మిసెస్ ట్విట్ వికారి అన్న మాట ఆ వాదనకు ఆనుకుని ఉంది. మాటను ఒంటరిగా చూస్తే గాయం కనిపిస్తుంది, పేజీ మొత్తం చదివితే ఆ గాయానికి మందు కూడా కనిపిస్తుంది. అగస్టస్ గ్లూప్‌కు మాత్రం డాల్ అలాంటి మందేదీ రాయలేదు.

యూదు ద్వేషం: మార్పులు తాకని చోటు

డాల్ మీద ఉన్న అతి బరువైన ఆరోపణకు ఆధారం ఆయన సొంత మాటలే. 1982లో ఇజ్రాయెల్ లెబనాన్ మీద దాడి చేసింది. ఆ యుద్ధం మీద వచ్చిన ఒక పుస్తకాన్ని 1983లో సమీక్షిస్తూ ఆయన ఆ ప్రభుత్వాన్ని తీవ్రంగా విమర్శించారు. ఒక ప్రభుత్వం చేసిన యుద్ధాన్ని ఖండించడం ఎవరికైనా ఉన్న హక్కు. కానీ ఆ నిందను ఆయన యూదు జాతి మొత్తానికీ అంటగట్టారు. అదే ఏడాది ‘న్యూ స్టేట్స్‌మన్’ పత్రికతో మాట్లాడుతూ, యూదుల స్వభావంలోనే ఇతరులకు పగ పుట్టించేదేదో ఉందనీ, హిట్లర్ లాంటి నీచుడు కూడా కారణం లేకుండా వారి మీద పడలేదనీ అన్నారు. 1990లో, చనిపోవడానికి కొద్ది నెలల ముందు, తాను యూదు వ్యతిరేకినయ్యానని తానే చెప్పుకున్నారు. బ్రిటన్‌లో ఆయన పుస్తకాలను అచ్చువేసిన టామ్ మాష్లర్ స్వయంగా, పసితనంలో నాజీల బారి నుంచి తప్పించుకుని వచ్చిన యూదు కుటుంబపు బిడ్డ.

ఎదుటివాణ్ని రెచ్చగొట్టడం ఆయన నైజమనీ, మాటలో ఉన్న విషం చేతలో లేదనీ సన్నిహితులు కొందరు సర్దిచెప్పారు. ఏడేళ్ల తేడాతో రెండుసార్లు అన్న మాటను నోరుజారడం అనడానికి వీల్లేదు. 2020లో ఆయన కుటుంబమే ఆ మాటలకు క్షమాపణ చెప్పింది. ఆయన నివసించిన ఇంగ్లండు పల్లె గ్రేట్ మిస్సెండన్‌లోని ఆయన మ్యూజియం 2023లో ఆయన జాతి ద్వేషాన్ని బాహాటంగా ఖండించింది.

గమనించవలసింది ఏమిటంటే, ఈ మాటలు పత్రికల్లో అన్నవి, పిల్లల పుస్తకాల్లో రాసినవి కావు. ‘ద విచెస్’లో మారువేషంలో మన మధ్య తిరుగుతూ, నోట్లు అచ్చువేసుకునే మంత్రగత్తెల రహస్య ముఠాలో యూదుల మీద పాత నిందల నీడ ఉందని కొందరు విమర్శకులు చూపారు, మరికొందరు అది జానపద కథల మంత్రగత్తెకు కొనసాగింపేనన్నారు. ఎలా చదివినా, ‘లావు’ అన్న మాట తీసినంత మాత్రాన ఆ ద్వేషానికి సమాధానం చెప్పినట్టు కాదు.

సవరణ, సెన్సారు, నిషేధం

2023 వ్యవహారంలో డాల్ పుస్తకాలను ఎవరూ నిషేధించలేదు; ప్రభుత్వం జోక్యం చేసుకోలేదు. జరిగింది హక్కుదారు తన సొత్తును తాను మార్చుకోవడం. అయినా సల్మాన్ రష్దీ దీన్ని అర్థం లేని సెన్సారు అన్నారు. పిల్లల పుస్తకాల రచయిత ఫిలిప్ పుల్‌మన్ మరో దారి చూపారు: నచ్చకపోతే ఆ పుస్తకాలను సహజంగా కనుమరుగు కానివ్వండి, ఇంతకన్నా మంచి కొత్త రచయితలను చదివించండి అన్నారు. మార్పును సమర్థించేవారు చెప్పేదీ వినదగినదే: పిల్లల పుస్తకాలను కాలానికి తగ్గట్టు సవరించడం ప్రచురణ రంగంలో పాత పద్ధతి, డాల్ కూడా 1973లో ఒప్పుకున్నాడు, బతికుండగా ఎడిటర్ల సలహాతో ‘మటిల్డా’ కథను దాదాపు తిరగరాశాడు.

ఆ పోలిక సగం మాత్రమే నిలుస్తుంది. బతికున్న రచయిత ఎడిటరుతో వాదించగలడు, కాదనగలడు, ఒప్పుకుంటే ఆ మార్పు ఆయనదే అవుతుంది. మన ఊళ్లలో కథ చెప్పే పద్ధతి ఇంకొకటి: కులం పేరుతో ఉన్న సామెతనో, గుడ్డి, కుంటి అన్న హేళననో ఇవాళ్టి అమ్మమ్మ మనవడికి చెప్పేటప్పుడు వదిలేస్తే ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే ఆ కథ ఎవరి సొత్తూ కాదు, చెప్పేవారిదే బాధ్యత. అచ్చు పుస్తకం ఈ రెండింటి మధ్య చిక్కుకుంది. అట్ట మీద పేరు డాల్‌ది, లోపలి మాట మరొకరిది అయినప్పుడు, చదివేవారికి ఆ సంగతి కొట్టొచ్చినట్టు చెప్పాలి. ఆ పని సరిగా జరగలేదన్నదే ఈ వ్యవహారంలో నాకు కనిపించే అసలు లోపం.

విమర్శ పెరిగాక, వార్త వెలువడిన వారం రోజులకే, అసలు పాఠంతో 17 పుస్తకాలను ‘క్లాసిక్ కలెక్షన్’ పేరుతో పెంగ్విన్ ముద్రతో విడిగా తెస్తామని సంస్థ ప్రకటించింది. ఫ్రాన్సులోని ప్రచురణ సంస్థ గాలిమార్ తన అనువాదాలను మార్చబోనంది. అందువల్ల ఒకే పేరుతో రెండు పాఠాలు చలామణిలో ఉన్నాయి.

చట్టం ఏమంటుంది?

భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి; బ్రిటన్‌లో 70 ఏళ్లు. హక్కులు అమ్మేసినా, తన పేరుకు భంగం కలిగించేలా రచనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే ప్రత్యేక హక్కు రచయితకూ ఆయన తరఫువారికీ మన చట్టంలోని 57వ సెక్షన్ ఇస్తుంది. కానీ ఆ రక్షణ వారసులు నోరు విప్పినప్పుడే పనిచేస్తుంది. కుటుంబం నడిపిన సంస్థే సమీక్ష మొదలుపెట్టినప్పుడు, పోయిన రచయిత పక్షాన చట్టం ముందు నిలబడేవారు మిగలరు; పాఠకులకు అలాంటి హక్కేదీ లేదు. డాల్ 1990 నవంబరు 23న చనిపోయారు. కాబట్టి 2050 డిసెంబరు 31 వరకు ఇక్కడ ఏ పాఠం అచ్చు కావాలో, ఏ పాఠం తెలుగులోకి రావాలో హక్కుదారే నిర్ణయిస్తారు. ఆ తర్వాత 1964 నాటి ఊంపా లూంపాలనైనా, 1973 నాటి వారినైనా, కిప్లింగ్ ఉన్న మటిల్డానైనా తెలుగు ప్రచురణకర్త ఎవరైనా అనుమతి అడగకుండానే అచ్చువేసుకోవచ్చు.